పక్షవాతం తర్వాత చెయ్యి: మెదడుకు ఉద్దీపన ఇస్తే థెరపీ ఫలితం పెరుగుతుందా?

క్లుప్తంగా: పక్షవాతంతో పడిపోయిన చెయ్యి కోసం ఆక్యుపేషనల్ థెరపీకి తోడు అయస్కాంత తరంగాలనో, సన్నటి కరెంటునో మెదడుకు ఇచ్చే చికిత్సకు ప్రచారం పెరిగింది. చిన్న అధ్యయనాల్లో ఫలితాలు బాగున్నాయి. ఉత్తుత్తి చికిత్సతో పోల్చి చూసిన పెద్ద ట్రయల్స్‌లో మాత్రం తేడా కనిపించలేదు. మెడలోని వేగస్ నరానికి, సరిగ్గా చెయ్యి కదిలిన క్షణంలో ఇచ్చే ఉద్దీపన ఇప్పటికి మినహాయింపు. దానికి ఆపరేషన్ కావాలి. ఏ పద్ధతిలోనైనా మెషీన్ తోడు మాత్రమే, అసలు పని థెరపీదే.

కాలు వచ్చింది, చెయ్యి రాలేదు

పక్షవాతం వచ్చిన వాళ్ల ఇళ్లలో ఎక్కువగా వినిపించే మాట ఇది. దీనికి శరీర నిర్మాణంలోనే కారణం ఉంది. నడకకు కాలి కదలికలు మరీ సున్నితంగా ఉండనక్కర్లేదు. మోకాలు బిగుసుకుని ఉన్నా, పాదం కాస్త ఈడుస్తున్నా మనిషి నాలుగు అడుగులు వేయగలడు. చేతి సంగతి అలా కాదు. చొక్కా గుండీ పెట్టుకోవాలన్నా, అన్నం కలిపి ముద్ద చేయాలన్నా వేళ్లు విడివిడిగా కదలాలి. కావలసినప్పుడు పట్టు బిగించాలి, వెంటనే వదలాలి. చాలామందికి పిడికిలి మూయడం వస్తుంది కానీ తెరవడం రాదు.

వేళ్ల మీద ఇంత అదుపునిచ్చేది మోటార్ కార్టెక్స్ (కదలికలను నడిపే మెదడు పైపొర భాగం) నుంచి వెన్నుపాముకు దిగే నరాల కట్ట. మెదడు లోపలి భాగంలో ఈ కట్ట చాలా ఇరుకైన చోటు గుండా వెళ్తుంది. అక్కడ రక్తనాళం మూసుకుపోతే దెబ్బతిన్న ప్రాంతం చిన్నదే అయినా చెయ్యి మొత్తం పడిపోవచ్చు. ఈ కట్టలో ఎంత మిగిలిందన్నదే చెయ్యి ఎంతవరకు తిరిగి వస్తుందో చాలావరకు నిర్ణయిస్తుంది.

కోలుకోవడంలో ఎక్కువ భాగం మొదటి మూడు నెలల్లో జరుగుతుంది. ఆ తర్వాత వేగం తగ్గుతుంది, ఆగిపోదు. ఈలోగా ఇంకో సమస్య మొదలవుతుంది. పడిపోయిన చేత్తో ప్రయత్నించి విసిగిపోయిన మనిషి అన్ని పనులూ మంచి చేత్తోనే చేసుకోవడం అలవాటు చేసుకుంటాడు. కుడి చెయ్యి పడిపోయిన వాళ్లకు ఎడమ చేత్తో తినడం మొదట్లో నామోషీగా అనిపిస్తుంది, తర్వాత అదే మామూలైపోతుంది. వాడకపోవడం వల్ల చెయ్యి ఇంకా వెనకబడుతుంది.

థెరపీ గదిలో జరిగేది

తెలుగు రాష్ట్రాల్లో ‘ఫిజియో చేయిస్తున్నాం’ అనే మాటలోనే అన్నీ కలిపేస్తారు. ఆక్యుపేషనల్ థెరపిస్టు పని వేరు. కీళ్లు బిగుసుకోకుండా చెయ్యి వంచి చాపడంతో ఆగకుండా, గ్లాసు ఎత్తడం, తాళం తిప్పడం, తువ్వాలు పిండడం లాంటి పనులను రోగి చేతే చేయిస్తారు. పనిని చిన్న ముక్కలుగా విడగొడతారు, వచ్చేకొద్దీ కష్టం పెంచుతారు. 2021లో పార్లమెంటు ఆమోదించిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం కూడా ఆక్యుపేషనల్ థెరపీని ఫిజియోథెరపీ నుంచి విడిగానే గుర్తించింది. వేరొకరు చెయ్యి పట్టుకుని ఆడించడానికీ, మనిషి తనంతట తాను ఒక పని కోసం చెయ్యి చాపడానికీ మెదడు దృష్టిలో చాలా తేడా ఉంది. రెండోదాంట్లోనే అది కొత్తగా నేర్చుకుంటుంది.

ఇక్కడ మోతాదు ప్రశ్న వస్తుంది. అమెరికా, కెనడాల్లో థెరపీ సెషన్లను గమనించి 2009లో ప్రచురించిన ఒక పరిశీలనలో, చేతితో పనులు సాధన చేయించిన సెషన్లలో సగటున 32 సార్లు మాత్రమే సాధన జరిగినట్టు తేలింది. జంతువుల మీద ప్రయోగాల్లో మెదడులో మార్పు తెచ్చిన సాధన రోజుకు వందల్లో ఉంటుంది. లండన్‌లోని క్వీన్ స్క్వేర్ పునరావాస కేంద్రం మూడు వారాల్లో 90 గంటల థెరపీ ఇచ్చి, స్ట్రోక్ వచ్చి చాలాకాలమైన వాళ్లలో కూడా చెప్పుకోదగ్గ మెరుగుదల చూపింది. అలాగని సంఖ్య పెంచుతూ పోతే ఫలితం కూడా అదే లెక్కన పెరుగుతుందని చెప్పలేం. 2016లో వచ్చిన ఒక అమెరికన్ ట్రయల్‌లో 3,200, 6,400, 9,600 సార్లు చొప్పున చేయించి పోల్చినప్పుడు ఎక్కువ చేసిన వాళ్లకు అదనపు లాభం కనిపించలేదు.

గంటలు పెంచడం ఖర్చుతో కూడిన పని, పెంచినా హామీ లేదు. మరి అదే గంట థెరపీ నుంచి ఎక్కువ రాబట్టే దారి ఉందా? మెదడు ఉద్దీపన మీద ఆశ పుట్టింది ఈ ప్రశ్న నుంచే.

రెండు అర్ధగోళాల తూకం

1985లో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో ఆంథోనీ బార్కర్ బృందం తల మీద ఒక తీగచుట్ట (కాయిల్) పెట్టి, అందులో క్షణకాలం బలమైన కరెంటు పంపి, పుట్టిన అయస్కాంత క్షేత్రంతో మోటార్ కార్టెక్స్‌ను ప్రేరేపించింది. నొప్పి లేకుండా చేతి కండరం కదిలింది. దీన్నే టీఎంఎస్ అంటారు. ఇదే తరంగాన్ని వందలసార్లు వరసగా ఇస్తే ఆ ప్రాంతపు చురుకుదనం కొంతసేపు మారుతుందని తర్వాత తేలింది. సెకనుకు ఒకసారి చొప్పున నెమ్మదిగా ఇస్తే తగ్గుతుంది, వేగంగా ఇస్తే పెరుగుతుంది. రెండో పద్ధతి టీడీసీఎస్. నెత్తి మీద రెండు ఎలక్ట్రోడ్లు పెట్టి ఒకటి రెండు మిల్లీఆంపియర్ల కరెంటు పంపుతారు. 2000లో జర్మనీలోని గోటింగెన్‌లో నిట్షే, పౌలుస్ చేసిన ప్రయోగాలతో దీనికి ఊపు వచ్చింది. ఇది నరకణాలను నేరుగా కదిలించదు, కదలడానికి కాస్త ఎక్కువ సిద్ధంగానో తక్కువ సిద్ధంగానో ఉంచుతుంది.

స్ట్రోక్‌లో వీటిని వాడటానికి ఒక సిద్ధాంతం దొరికింది. మామూలుగా మెదడు రెండు అర్ధగోళాలూ ఒకదాన్నొకటి అదుపులో పెట్టుకుంటాయి. ఒకవైపు దెబ్బతింటే, కావడిలో ఒక పక్క బరువు తగ్గినప్పుడు రెండో పక్క కిందికి వాలినట్టు, బాగున్న వైపు పెత్తనం పెరిగి దెబ్బతిన్న వైపును ఇంకా అణచివేస్తుందన్నది ఆ సిద్ధాంతం. అందువల్ల బాగున్న వైపును నెమ్మది తరంగాలతో తగ్గించడం, లేదా దెబ్బతిన్న వైపును వేగం తరంగాలతో లేపడం చికిత్స అయింది. తూకం సరిచేసిన వెంటనే, ఆ ప్రభావం ఉండగానే థెరపీ చేయిస్తే మెదడు త్వరగా నేర్చుకుంటుందని అనుకున్నారు.

టోక్యో పద్ధతి

టీఎంఎస్‌నూ థెరపీనీ కలిపి పెద్ద ఎత్తున వాడింది జపాన్. టోక్యోలోని జికెయ్ విశ్వవిద్యాలయ వైద్యులు కకుదా, అబో ‘న్యూరో’ అనే కార్యక్రమం రూపొందించారు. రోగిని 15 రోజులు ఆసుపత్రిలో చేర్చుకుని, బాగున్న అర్ధగోళానికి ఒక్కో విడత 20 నిమిషాల నెమ్మది టీఎంఎస్, వెంటనే ఒక గంట థెరపిస్టుతో, మరో గంట సొంతంగా సాధన. 2012లో 204 మంది ఫలితాలు ప్రచురించారు. ఏళ్ల క్రితం స్ట్రోక్ వచ్చిన వాళ్లలో కూడా చేతి స్కోరు పెరిగింది.

ఆ 204 మందికీ పోలిక గుంపు లేదు. రెండు వారాలపాటు అంత గట్టిగా థెరపీ చేస్తే టీఎంఎస్ లేకపోయినా స్కోరు పెరిగేదేమో ఆ అధ్యయనం చెప్పలేదు. తర్వాత 2014లో 66 మందితో, మంచి చేతిని కట్టేసి పడిపోయిన చేతిని వాడించే సీఐఎంటీ థెరపీతో పోల్చారు, ‘న్యూరో’ మెరుగ్గా కనిపించింది. కానీ రెండు గుంపులకూ ఇచ్చిన థెరపీయే వేరు. ఎవరికి అసలు తరంగాలు వెళ్తున్నాయో రోగికి తెలియకుండా చేసిన పరీక్ష కాదది.

అసలు ప్రశ్నకు జవాబు రావాలంటే అందరికీ ఒకే థెరపీ ఇచ్చి, సగం మందికి అసలు కాయిల్, మిగతా వాళ్లకు శబ్దం మాత్రమే చేసే కాయిల్ పెట్టి చూడాలి.

67, 65

అమెరికాలోని 12 కేంద్రాల్లో జరిగిన ‘నీష్’ ట్రయల్ ఆ పని చేసింది. స్ట్రోక్ వచ్చి మూడు నెలల నుంచి ఏడాది లోపు ఉన్న 199 మంది, ఆరు వారాల్లో 18 సెషన్లు. ప్రతి సెషన్‌లో ముందు బాగున్న వైపు నెమ్మది టీఎంఎస్, తర్వాత పనుల మీద కేంద్రీకరించిన థెరపీ. కాయిల్ సరైన చోటే ఉందో లేదో నావిగేషన్‌తో చూసుకున్నారు. చేతిని కొలిచింది ఫుగల్-మేయర్ స్కేలుతో. ఇందులో 66 మార్కులుంటాయి, ఐదు మార్కులు పెరిగితే రోజువారీ జీవితంలో తేడా తెలుస్తుందని లెక్క.

2018లో ఫలితాలు వచ్చాయి. చికిత్స ముగిసిన ఆరు నెలలకు, అసలు తరంగాలు పొందిన వాళ్లలో 67 శాతం మంది ఐదు మార్కులో అంతకన్నా ఎక్కువో మెరుగయ్యారు. ఉత్తుత్తి కాయిల్ పెట్టిన వాళ్లలో 65 శాతం.

ఈ రెండు అంకెలను రెండు రకాలుగా చదవవచ్చు. టీఎంఎస్ పనిచేయలేదన్నది ఒకటి. రెండోది ప్రచారంలో ఎక్కడా కనిపించదు: ఆరు వారాలు పద్ధతిగా ఆక్యుపేషనల్ థెరపీ చేయించుకున్న వాళ్లలో, తరంగాలున్నా లేకపోయినా, ముగ్గురిలో ఇద్దరు గుర్తించదగ్గంత మెరుగయ్యారు. ఎవరైనా సెంటర్‌వాళ్లు ‘మా దగ్గర టీఎంఎస్ చేయించుకున్న ముగ్గురిలో ఇద్దరికి చెయ్యి మెరుగైంది’ అంటే అది నిజమే కావచ్చు. ఉత్తుత్తి గుంపు కూడా అదే మాట అనగలదు.

ఒక సందేహం మిగిలింది. నీష్‌లో వాడిన ఉత్తుత్తి కాయిల్ పూర్తిగా నిష్క్రియం కాదేమోనని కొందరు ప్రశ్నించారు. వేరే రకం కాయిల్‌తో 60 మందిపై మళ్లీ ట్రయల్ చేశారు. అక్కడా అసలుది పైచేయి సాధించలేదు.

అయోమయానికి మరో కారణముంది. 2020లో యూరప్ నిపుణుల బృందం వెలువరించిన మార్గదర్శకాల్లో, స్ట్రోక్ తర్వాత తొలి వారాలు, నెలల్లో చేతి కదలిక కోసం బాగున్న వైపు నెమ్మది టీఎంఎస్‌కు అత్యున్నత స్థాయి ఆధారం ఉందని రాశారు. ఆ అంచనా ఎక్కువగా చిన్న అధ్యయనాలను కలిపి వేసినది, నీష్ లాంటివి కాస్త ఆలస్య దశకు సంబంధించినవి. కాబట్టి రెండు పక్షాలవాళ్లూ తమకు అనుకూలమైన కాగితం చూపించగలరు. చిన్న అధ్యయనాల్లో బాగా వచ్చినవే ఎక్కువగా అచ్చవుతాయన్నది మాత్రం ఇక్కడ మరచిపోకూడదు.

టీడీసీఎస్ కథా ఇలాగే సాగింది. అమెరికాలో 129 మందితో చేసిన ‘ట్రాన్స్‌పోర్ట్ 2’ ట్రయల్ ఫలితాలు 2025లో వచ్చాయి. అందరికీ రెండు వారాల సీఐఎంటీ థెరపీ, దాంతోపాటు కొందరికి 2 మిల్లీఆంపియర్లు, కొందరికి 4, మిగతా వాళ్లకు ఉత్తుత్తి. నాలుగైనా సురక్షితమేనని తేలింది. చేతి స్కోరులో గుంపుల మధ్య తేడా రాలేదు.

ఎందుకు తప్పింది

స్ట్రోక్ రంగంలో ఇది మొదటిసారి కాదు. ఫ్లూఆక్సెటిన్ అనే డిప్రెషన్ మాత్ర చెయ్యి, కాలు కదలికను పెంచుతుందని 2011లో 118 మందితో చేసిన ఫ్రెంచ్ ట్రయల్ చెప్పింది. చాలాచోట్ల డాక్టర్లు ఆ మాత్ర రాయడం మొదలుపెట్టారు. తర్వాత బ్రిటన్‌లో 3,127 మందితో, ఆ వెనక స్వీడన్‌లో, ఆస్ట్రేలియా-న్యూజిలాండ్-వియత్నాంలలో చేసిన పెద్ద ట్రయల్స్‌లో కోలుకోవడంలో లాభం కనిపించలేదు సరికదా, ఎముకలు విరగడం పెరిగింది.

ఉద్దీపన విషయంలో కారణాలు ఇంకాస్త లోతుగా ఉన్నాయి. మొదటిది సిద్ధాంతమే. రోగులను స్ట్రోక్ వచ్చిన మొదటి వారాల నుంచి ఏడాదిపాటు పరీక్షించి 2019లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, రెండు అర్ధగోళాల మధ్య అణచివేత మొదట్లో మామూలుగానే ఉంది. అసమతుల్యత కనిపించింది తర్వాతి నెలల్లో, అదీ చెయ్యి కోలుకుంటూ ఉండగానే. అంటే చెయ్యి రాకపోవడానికి అది కారణం కాకపోవచ్చు. తీవ్రంగా దెబ్బతిన్న వాళ్లలోనైతే బాగున్న అర్ధగోళమే కొంత సాయం చేస్తుందన్న వాదన కూడా ఉంది. అలాంటి వాళ్లకు ఆ వైపును అణచివేస్తే మిగిలిన ఆసరా పోతుంది.

రెండో కారణం, అందరినీ ఒకే గాటన కట్టడం. నరాల కట్ట సగం మిగిలిన మనిషికీ, పూర్తిగా తెగిపోయిన మనిషికీ ఒకే చోట ఒకే తరంగం ఇచ్చి సగటు తీస్తే, ఒకరి లాభం ఇంకొకరి నష్టంలో కలిసిపోతుంది. టీడీసీఎస్‌కు అదనంగా పుర్రె అడ్డం. మృతదేహాలపై చేసిన కొలతల్లో, పంపిన కరెంటులో సుమారు ముప్పావు భాగం చర్మం, పుర్రెల్లోనే పోతున్నట్టు తేలింది.

ఇక మూడోది సమయం. థెరపీకి ముందు 20 నిమిషాలు తరంగాలు ఇవ్వడమంటే మెదడులోని ఒక ప్రాంతాన్ని మొత్తంగా వేడెక్కించడమే. తర్వాతి గంటలో రోగి సరిగ్గా చేసిన కదలికకూ, తప్పుగా చేసిన కదలికకూ మెదడు తేడా చూసేలా ఆ తరంగాలు ఏ సంకేతమూ ఇవ్వవు.

వేగస్ నరం: కదిలిన క్షణంలోనే

ఈ మూడో లోపాన్ని పట్టుకున్నది వేగస్ నర ఉద్దీపన. ఛాతీ చర్మం కింద చిన్న పరికరం, దాని నుంచి మెడ ఎడమవైపు నరానికి తీగ. రోగి గ్లాసు అందుకోవడానికి చెయ్యి చాపి సరిగ్గా కదిలించినప్పుడు థెరపిస్టు బటన్ నొక్కుతారు. అర సెకను ఉద్దీపన వెళ్తుంది. ఆ నరం ద్వారా మెదడులో నోరాడ్రినలిన్, ఎసిటైల్‌కోలిన్ లాంటి రసాయనాలు విడుదలై, అప్పుడే జరిగిన కదలికను గట్టిపరుస్తాయన్నది ఆలోచన. ఇక్కడ మోటార్ కార్టెక్స్‌ను నేరుగా తాకరు. అణచివేత సిద్ధాంతం తప్పయినా ఈ పద్ధతికి నష్టం లేదు.

2021లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన ట్రయల్‌లో బ్రిటన్, అమెరికాల్లోని 108 మంది ఉన్నారు. స్ట్రోక్ వచ్చి తొమ్మిది నెలల నుంచి పదేళ్లయిన వాళ్లు. అందరికీ పరికరం అమర్చారు, సగం మందికే పని చేయించారు. ఆరు వారాల్లో 18 సెషన్లు, ఒక్కోదాంట్లో 300కు పైగా కదలికలు లక్ష్యం. స్కోరు ఉద్దీపన పొందిన గుంపులో సగటున 5 మార్కులు, పొందని గుంపులో 2.4 పెరిగింది. మూడు నెలల తర్వాత గుర్తించదగ్గ మెరుగుదల ఉన్నవాళ్లు మొదటి గుంపులో 47 శాతం, రెండో గుంపులో 24 శాతం. అదే ఏడాది ఆగస్టులో అమెరికా ఔషధ, పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దీన్ని ఆమోదించింది.

సగటున రెండున్నర మార్కుల అదనపు లాభం 66లో పెద్దదేం కాదు. గొంతు బొంగురుపోవడం లాంటి ఇబ్బందులు రావచ్చు, ఆపరేషన్ ఉండనే ఉంది. అయినా అంత పాతబడిన చేతిలో, ఉత్తుత్తి చికిత్సతో పోల్చి, ఈ మాత్రం తేడా చూపిన పరికరాలు అరుదు. పుర్రె తెరిచి మోటార్ కార్టెక్స్ మీద ఎలక్ట్రోడ్ పెట్టిన ‘ఎవరెస్ట్’ ట్రయల్ 2008లో లక్ష్యం చేరుకోలేకపోయింది. లోతుగా, సెరిబెల్లం (చిన్నమెదడు)లోని ఒక కేంద్రానికి ఉద్దీపన ఇచ్చి క్లీవ్‌లాండ్ క్లినిక్ 2023లో ప్రచురించిన ఫలితాలు ఆసక్తికరమే, కానీ అవి 12 మందివి, పోలిక గుంపు లేనివి.

ఇక్కడి కుటుంబాలకు

డిప్రెషన్‌కు టీఎంఎస్ వాడకానికి గట్టి ఆధారాలున్నాయి, అమెరికాలో 2008 నుంచే అనుమతి ఉంది. మెషీన్ ఒకటే కాబట్టి, దానికొచ్చిన పేరు పక్షవాతానికీ అంటుకుంటోంది. ఈ రెండూ వేర్వేరు లెక్కలు.

ప్రమాదం విషయానికొస్తే, సరిగ్గా పరీక్షించి ఇస్తే టీఎంఎస్‌తో ఫిట్స్ రావడం చాలా అరుదు. తలలో లోహపు క్లిప్పులు, చెవిలో అమర్చిన కాక్లియర్ ఇంప్లాంట్, పేస్‌మేకర్ ఉన్నవాళ్లు, ఇంతకుముందు ఫిట్స్ వచ్చినవాళ్లు ఆ సంగతి ముందే చెప్పాలి. ఆన్‌లైన్‌లో దొరికే టీడీసీఎస్ హెడ్‌సెట్లు కొని ఇంట్లో పెట్టుకోవడం మంచిది కాదు. స్ట్రోక్ తర్వాత మెదడులో కరెంటు ఎటు ప్రవహిస్తుందో దెబ్బతిన్న ప్రాంతాన్ని బట్టి మారిపోతుంది.

పెద్ద నష్టం డబ్బు, సమయం దగ్గరే. ప్యాకేజీ అడిగేటప్పుడు ఎన్ని సిటింగ్‌లు అని అడగడం అందరూ చేస్తారు. ప్రతి సిటింగ్ తర్వాత థెరపిస్టు దగ్గర ఎన్ని నిమిషాలు, అందులో రోగి స్వయంగా చేసే పని ఎంత, మొదటిరోజు ఏ స్కేలుతో కొలుస్తారు అన్నవి అడగాలి. తరంగాలు మాత్రమే ఇచ్చి ఇంటికి పంపేస్తే, పైన చెప్పిన ట్రయల్స్‌లో పరీక్షించని చికిత్సకు డబ్బు కడుతున్నట్టే. థెరపీని ఇంటివాళ్లకు నేర్పించి సరిపెట్టుకోవచ్చా అంటే, మన దేశంలోనే 14 ఆసుపత్రుల్లో 1,250 మందితో చేసిన ‘అటెండ్’ ట్రయల్ ఉంది. 2017లో వచ్చిన ఫలితాల ప్రకారం, కుటుంబ సభ్యులకు శిక్షణనిచ్చి చేయించిన పునరావాసం మామూలు వైద్యం కన్నా అదనపు లాభం ఇవ్వలేదు. నేర్చిన థెరపిస్టు అవసరం అలాగే ఉంది, వాళ్ల సంఖ్య మాత్రం తక్కువ.

టీఎంఎస్‌కు మరో ఉపయోగం ఉంది, అది చికిత్స కాదు. న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్‌లో క్యాథీ స్టినియర్ బృందం తయారుచేసిన ‘ప్రెప్ 2’ పద్ధతిలో, స్ట్రోక్ వచ్చిన మూడో రోజుకల్లా భుజం ఎత్తడం, వేళ్లు చాచడం చూసి మార్కులు వేస్తారు. మార్కులు బాగుంటే టీఎంఎస్ అవసరమే లేదు. తక్కువుంటే ఒక్కో తరంగం ఇచ్చి, చేతి కండరంలో స్పందన వస్తుందో లేదో చూస్తారు. వస్తే నరాల కట్టలో కొంత మిగిలి ఉన్నట్టే. మూడు నెలల తర్వాత చెయ్యి ఏ స్థాయిలో ఉంటుందో ఈ లెక్క సుమారు నలుగురిలో ముగ్గురి విషయంలో సరిగ్గా చెప్పగలిగింది. ఎవరి చేతికి గట్టి సాధన ఫలిస్తుందో, ఎవరు మంచి చేత్తోనే పనులు నేర్చుకోవడం మేలో తొలి వారంలోనే తెలిస్తే, తక్కువగా ఉన్న థెరపీ గంటలను ఎక్కడ ఖర్చుపెట్టాలో నిర్ణయించుకోవచ్చు. ఉద్దీపన ట్రయల్స్ కూడా ఇకముందు రోగులను ఇలా వడపోసి చేర్చుకుంటేనే, ఆ తరంగాలు కనీసం కొందరికైనా పనికొస్తాయా అన్నది తేలుతుంది.